వాసన చూస్తే చాలనుకున్నాను

అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఉండగా మొదటిసారి ఇంట్లో బీరు కాచినప్పుడు, "చక్కెర ఎంత మిగిలిందో చూపే హైడ్రోమీటర్‌తో చెక్ చేయకుండా సీసాల్లో పోయకురా, పూర్తిగా పులవకపోతే పేలతాయి" అని ఆఫీస్ స్నేహితుడు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు.

"దోసెల పిండికి మీటర్ పెడతామా? వాసన చూస్తే తెలీదూ!" అని వాడి నోరు మూయించాను. బుడగలు ఆగగానే సీసాల్లో పోసి మూతలు బిగించి, నా దగ్గర ఉండటానికి వచ్చిన అమ్మ కంటపడకుండా క్లోజెట్‌లో దుప్పట్ల వెనక దాచాను.

వారం తర్వాత అమ్మ దుప్పటి కోసం తలుపు తీసిందో లేదో, రెండు సీసాలు పేలాయి. గాజుపెంకు ఆమె కనుబొమ్మను చీరింది. నేను గాయం మీద టవల్ అదిమి పట్టుకుంటే, ఆమె తడిసిన కొంగు వాసన చూసింది.

"ఇది ఇంకా పులవలేదురా" అంది.

అదేమిటో, ఎందుకు దాచానో అడగలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా.