నాన్న మంచం దిగిన రోజులు

స్టెంటు వేసిన మర్నాడే శ్రీకాకుళం ఆసుపత్రిలో నర్సమ్మ వచ్చి, "లెగండి తాతా, నడవాల" అంటే నాకు ఒళ్ళు మండిపోయింది. గుండెకి వైద్యం చేసి పడుకోనివ్వరేమిటని గొణుక్కుంటూనే వరండా చివరిదాకా నడిచాను, ఎందుకంటే లేవబోయే ముందు నాకు మా నాన్న కాళ్ళు గుర్తొచ్చాయి.

మా వయసువాళ్ళకి తెలుసు, ఆ రోజుల్లో గుండెనొప్పి వచ్చిందంటే మనిషిని పచ్చి బాలింతలా కాపాడేవారు. బొబ్బిలి బజారులో కిరాణా కొట్టు నడిపే మా నాన్నకి నొప్పి వచ్చి తగ్గాక, మంచం దిగవద్దని డాక్టరు చెప్పడంతో, మాటంటే మాటే అనే ఆ మనిషి నెలల తరబడి స్నానం, భోజనం అన్నీ పక్క మీదే కానిచ్చాడు. పైగా షావుకారికి ఒళ్ళుంటేనే ఆరోగ్యమని నమ్మే మా నాయనమ్మ, కొడుకుకి నీరసం రాకూడదని ముద్దముద్దకీ నెయ్యి పోసేది. బొజ్జ పెరిగింది గానీ, ఒకనాడు కాళ్ళకి నూనె రాస్తున్న అమ్మకి ఆయన పిక్క గుప్పిట్లో ఇమిడిపోయింది.

ఇలాగైతే ఈయన మళ్ళీ కొట్టు గడప తొక్కడని అమ్మకి ఆ క్షణమే అర్థమైపోయింది. మర్నాడు తెల్లవారుతూనే లేపి, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని, పెరట్లో గోడ వెంట నడిపించడం మొదలుపెట్టింది. అది చూసి నాయనమ్మ గొల్లుమంది. "ఒసే, ఆడికేటైనా అయితే ఆ పాపం నీదే" అని తిడుతుంటే, అమ్మ తల తిప్పకుండానే, "నాకే సుట్టుకోనీ అత్తా. మంచంలో ఎండిపోతంటే మాత్రం సూడనేను" అంది. నాన్న తూలిపోయిన రోజులున్నాయి, నావల్ల కాదని మొరాయించిన రోజులున్నాయి. ఆవిడ మాత్రం ఒక్క పూటైనా మానలేదు. వానాకాలం వెళ్ళేసరికి నాన్న ఎవరి సాయమూ లేకుండా నడిచి వెళ్ళి కొట్టు తలుపులు తీశాడు.

ఆ తరవాత చాలా ఏళ్ళు బతికి నాన్న వెళ్ళిపోయాక, అమ్మ ఒకసారి నాతో చెప్పింది, ఆ పెరట్లో అడుగడుక్కీ ఆయన ఊపిరి వింటూ, ఇదే ఆఖరిదేమోనని లోపల వణికిపోయేదట.

ఇప్పుడు నడవమని డాక్టరు చెబుతాడు, ఫోను చెబుతుంది, పార్కులో ముక్కూ మొహం తెలియనివాడు కూడా చెబుతాడు. నన్ను నడిపించిన నర్సమ్మకి భయమన్నదే లేదు, ఆమె వెనక ఇంత వైద్యం ఉంది. మా అమ్మ వెనక ఎవరూ లేరు. అందుకే వానొచ్చినా, ఒళ్ళు బద్ధకించినా రోజూ పొద్దున్నే చెప్పులు తొడుక్కుంటున్నాను. మానేస్తే ఆవిడకి నా మొహం చూపించలేను.