పూలదండ వేసిన నా కంప్యూటర్

ఆ రోజుల్లో కడపలో నా డీటీపీ కొట్టుకు పెళ్లికార్డులే తిండి పెట్టేవి. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలవుతాయనగా, ఆషాఢం చివర్లో కంప్యూటర్ మూలబడింది. కంపెనీకి ఫోన్ చేస్తే, మీ ఊళ్లోనే మా సర్వీసు భాగస్వామి ఉన్నాడు, అక్కడ ఇవ్వండి అన్నారు. తీరా చూస్తే, ఆ భాగస్వామి మా వీధి చివర మిక్సీలమ్మే శెట్టి.

"వాళ్లు కొట్టుకు తగిలించే బోర్డు పంపినారు గానీ పార్టులు పంపలేదక్కా" అంటూనే కంప్యూటర్ లోపల పెట్టుకున్నాడు.

శెట్టి సర్వీసు సెంటర్ ప్రారంభోత్సవానికి హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి దిగాడు. కస్టమర్‌గా రెండు మాటలు మాట్లాడమని నన్నూ పిలిచారు. మాట్లాడే అవకాశం నేనెప్పుడు వదులుకున్నాను గనుక! వెళ్లాను. షామియానా కింద బల్ల మీద పూలదండతో, గంధం కుంకుమలతో కూర్చున్నది నా కంప్యూటరే.

"ఏమప్పా, మంచాన పడినదానికి పెళ్లికూతురి అలంకారమా?" అన్నాను శెట్టితో.

"అరవద్దక్కా. పూజకు ఏదో ఒకటి పెట్టాల గదా. ఆ కంపెనీది ఈడ నీదొక్కటే ఉండాది."

మైకు అందుకుని, బల్లవైపు చెయ్యి చాపి, "దీన్నొకసారి ఆన్ చేసి చూపించండి సార్" అన్నాను.

కంపెనీ మనిషి నవ్వు చెదరలేదు. నవ్వడానికే జీతమిస్తారేమో. "మేడం గారికి మా సర్వీసు మీద ఎంత నమ్మకమో చూడండి!" అని చప్పట్లు కొట్టాడు. జనమూ కొట్టారు. నమ్మకం కాదు నాయనా, అది పనిచేయడం లేదు అనేలోపు మైకు ఇంకొకరి చేతిలోకి పోయింది. ఫోటో మాత్రం తీసేశారు.

మర్నాడు పేపర్లో నేను. నోరు తెరిచి, చెయ్యి చాపి ఉన్నాను. కింద, 'సేవలను కొనియాడుతున్న వినియోగదారురాలు'.

పొద్దున్నే మైదుకూరు నుంచి ఒక పెద్దాయన పేపరు చంకన పెట్టుకుని వచ్చాడు. కూతురి పెళ్లికార్డులకు కంప్యూటర్ బాగయ్యేదాకా ఆగమని నేనే చెప్పి ఉన్నాను.

"బాగైందంట గదమ్మా! పేపర్లో చూసి, మొదటి బస్సుకే వస్తి."

"యాడ బాగైందప్పా, కాలేదు."

"అట్లంటావేమి? పేపర్లో నువ్వే చెప్తాండావు గదా!"

ఊరందరితో వాదించే నాకు ఆయనతో వాదించే ఓపిక లేకపోయింది. ఇక ఆగితే ఆయన ముహూర్తం దాటిపోతుంది. నేను ఏళ్లుగా పలకరించని ఎదురు డీటీపీ కొట్టాయన దగ్గరికి పెద్దాయన్ని స్వయంగా వెంటబెట్టుకుని వెళ్లాను.

కొట్టాయన కార్డు నమూనాలు తిరగేస్తూ, తలెత్తకుండానే అన్నాడు: "ఫోటో శానా బాగా పడిందక్కా."