ఆశీర్వాదం ఉడకబెట్టిన మన్ను

మెదక్ దవాఖానలో పుండ్లకు కట్లు కట్టే డ్రెస్సర్‌గా చేసే ఆశీర్వాదానికి ఒకటే నమ్మకం: లోకంలో ఏ వస్తువైనా ఉడికితేనే శుభ్రం. సూదులు, కత్తెరలు సరే. పెండ్లినాడు ఉంగరాన్ని కూడా ఉడకబెట్టి, చల్లారకముందే తొడిగాడని భార్య సువార్తమ్మ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వేలు చూపించేది.

పెన్సిలిన్‌కు లొంగని పుండ్లు వార్డులో ఎక్కువవుతున్న రోజులవి. రామాయంపేట ఎల్లయ్య కాలి పుండుకు ఎన్ని సూదులు వేసినా చీము ఆగలేదు. అలాంటి మొండి క్రిములను చంపే బూజు మట్టిలో దొరుకుతుందేమోనని హైదరాబాదులో ఒక లాబొరేటరీ ఊరూరి మన్ను తెప్పిస్తోంది. మెదక్ మన్ను పంపే పనిని ఆశీర్వాదం అడిగి మరీ తీసుకున్నాడు. కొత్త మందు మన మన్నులోనే పుడుతుందని వార్డంతా చాటాడు.

ఒకనాడు ఆ లాబొరేటరీలో పనిచేసే నర్సింగం బస్సు దిగి నేరుగా వార్డుకొచ్చాడు.

"అన్నా, నీ మన్నుల పానమే లేదు! నర్సాపూర్ మన్ను పళ్లెంల ఏస్తే బూజు గడ్డం లెక్క మొలుస్తుంది. నీది ఏస్తే బోడిగుండే. మెదక్‌ను ఇడిసిపెడ్దామంటుండు మా పెద్దసారు."

ఆశీర్వాదం చేతిలోని కట్టు పక్కన పెట్టాడు. "గట్లెట్లయితది తమ్మీ? మస్తు ఉడకబెట్టి పంపిన గద!"

"ఏంది, మన్నునా?"

"మరి? మందుకు పొయ్యే మన్ను గలీజుగ పంపుతరా? దాంట్ల ఎన్ని క్రిములుంటయో!"

మంచం మీద ఎల్లయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా కాలొక్కటే మిగిలింది ఆశీర్వాదమన్నా, దాన్ని గూడ గిన్నెల ఎయ్యి!"

"మాకు గా క్రిములే కావాలె," అన్నాడు నర్సింగం. "ఒకటి ఇంకోదాన్ని సంపుతదేమో సూసుడే మా పని. బస్సు పొయ్యేలోపల పచ్చి మన్ను తే, పెద్దసారుకు నేను చెప్పుకుంట."

ఆశీర్వాదం ఇంటికి పరుగెత్తాడు. బర్రెల కొట్టం వెనకాల పెంటకుప్ప అడుగున, కళ్లు మూసుకుని, చెయ్యి పెట్టాడు. పొట్లం కట్టగానే కాళ్లు వంటింటి వైపు తిరిగాయి. సువార్తమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"పొయ్యి దిక్కు వస్తే మంచిగుండది సూడు! బస్సు దిక్కు ఉరుకు!"

కదిలే బస్సు కిటికీలోంచి పొట్లం లోపలికి పడింది.

కొన్ని నెలలకు నర్సింగం మళ్లీ వచ్చాడు. పళ్లెంలో మెదక్ బూజు చుట్టూ మొండి క్రిములు చచ్చి, గుండ్రంగా చోటు ఖాళీ అయిందట. అది మందు కావాలంటే ఇంకా ఏండ్లు పట్టొచ్చు, కాకనూ పోవచ్చు. కానీ మెదక్‌ను వదిలే మాట పెద్దసారు మళ్లీ ఎత్తలేదు.

"గదే కుప్పల మన్ను ఇంకింత కావాలంట అన్నా."

ఆశీర్వాదం చొక్కా చేతులు పైకి మడిచి, అతనికంటే ముందే నడిచాడు.