బట్టీ పట్టని సాక్షులు

కోర్టులో అందరూ ఆయన్ని టైపిస్టుగారనే పిలిచేవారు. బోనెక్కిన సాక్షి చెప్పింది చెప్పినట్టు కొట్టడం ఆయన పని. తల ఎత్తేవాడు కాదు. "మొహాలు చూసి మోసపోయే తీరిక జడ్జిగారిది, మనకి చెవులు చాలు" అనేవాడు. ఆ చెవులకి ఒక విద్య అబ్బింది. నేర్పించి తెచ్చిన సాక్షులైతే, రెండోవాడు నోరు విప్పేసరికి ఈయన వేళ్ళు మాటకంటే ముందే పరిగెత్తేవి. మొదటివాడు ఎక్కడ దగ్గాడో వాడూ అక్కడే దగ్గేవాడు. కళ్ళారా చూసినవాళ్ళు అలా చెప్పరు. ఒకడు వెలుతురంటాడు, ఇంకొకడు చీకటంటాడు. ఇద్దరూ నిలబడింది ఒకే గుమ్మంలో.

మంచాన పడ్డ భార్య కన్నుమూసిన పూట ఆయన కోర్టులోనే ఉన్నాడు. కబురంది ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది.

"ఎలా పోయిందమ్మా?" అని కూతుర్ని అడిగాడు.

"నిద్రలోనే నాన్నా. పువ్వు రాలినట్టు, ప్రశాంతంగా."

కొడుకుని అడిగితే, "నిద్రలోనే నాన్నా. పువ్వు రాలినట్టు, ప్రశాంతంగా" అన్నాడు. మరదలి వంతు వచ్చింది. ఆమె 'పువ్వు' అనకముందే మోకాలి మీద ఆయన వేళ్ళు 'పువ్వు' అని కొట్టేశాయి.

ఆ రోజు నుంచి ఆయనకి మనసు మనసులో లేదు. ఏదో దాస్తున్నారు. ఆవిడ గిలగిల్లాడి ఉంటుంది, నన్ను పిలిచి పిలిచి ప్రాణం విడిచి ఉంటుంది. అనుమానం అక్కడితో ఆగలేదు. ఆదివారం చర్చిలో ఆమె కోసం జరిగే ప్రార్థనలో ఆయన లేచి నాలుగు మాటలు చెప్పాలి. క్రీస్తు చనిపోయి తిరిగి లేచాడు, అందుకే ఈమె కూడా లేస్తుందని. కళ్ళెదుట జరిగినదాన్ని ఇంట్లో ముగ్గురు ప్రేమకొద్దీ మార్చి చెప్పారు. క్రీస్తు సమాధి ఖాళీగా ఉందని చెప్పినవాళ్ళు మాత్రం? వాళ్ళదీ ప్రేమే కదా.

శనివారం వంటింట్లోకి వచ్చి, ఉల్లిపాయలు తరుగుతున్న మరదలితో, "రేపు నేను మాట్లాడను. పాస్టరుగారికి చెప్పెయ్యి" అన్నాడు.

"ఏం బావా, గొంతు పోయిందా?"

"ముగ్గురూ పాఠం బాగా ఒప్పజెప్పారు. పంతులమ్మవి నువ్వేగా?"

కత్తి ఆగింది. "నీతో మా అక్క ఎలా వేగిందో."

"నన్ను పిలిచిందా?"

"పిలవలేదు, తిట్టింది. అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళావుగా. 'ఆ మనిషి తలకాయ కూడా ఇంట్లోనే పెట్టి పోతాడు' అంది. నవ్వింది. దగ్గు తెర వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అంతే."

"నవ్వలేదు పిన్నీ, అప్పటికే దగ్గుతోంది" అంది గుమ్మంలోంచి కూతురు. "పట్టుకుంది నా చెయ్యి."

వెనకే వచ్చిన కొడుకు, "తిట్టడం నేను వినలేదు. కిటికీ తియ్యమంది. తీసి వెనక్కి తిరిగేసరికి..." అన్నాడు.

"ఏ కిటికీ? అది పొద్దున్నుంచీ తెరిచే ఉంది" అంది కూతురు.

"తీసింది నేనైతే, కాదని నువ్వంటావేంటే?"

"మరి ఇదంతా దాచడం దేనికి?" అన్నాడాయన.

"ఆఖరి మాట తిట్టయితే కుమిలిపోతావని" అంది మరదలు, కళ్ళు ఒత్తుకుంటూ. తప్పు ఉల్లిపాయల మీదికి తోసింది.

ఆయన వేళ్ళు కదల్లేదు. తర్వాత ఏ మాట వస్తుందో వాటికి తెలియలేదు. మూడు మాటలూ ఎక్కడా అతకలేదు గానీ, ఆ గది, ఆ మంచం, డబ్బా చూసి విసుక్కునే మనిషి, అంతా ఆయన కళ్ళకి కట్టింది. గుండెల మీంచి బండ దింపినట్టయింది. గోడకి చేరగిలబడి నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు.

సాయంత్రం బైబిలు తీసి, క్రీస్తు లేచిన ఆ తెల్లవారుజాము సంగతి నాలుగు సువార్తల్లోనూ మళ్ళీ చదివాడు. రాసినవాళ్ళలో ఒకాయన సమాధి దగ్గర తెల్లబట్టల పడుచువాడు ఒక్కడే అంటాడు, ఇంకొకాయన ఇద్దరంటాడు. ఒకచోట ఆడవాళ్ళు వణికిపోయి ఎవరికీ చెప్పలేదు, మరోచోట పరిగెత్తి చెప్పారు. ఒకామెకి లేచినవాడు ఎదురుగా కనిపిస్తే తోటమాలి అనుకుంది. పాఠం నేర్పేవాడు అలాంటి మాట నేర్పడు. తేడాలున్నంత మాత్రాన నిజమైపోదని ఆయనకి తెలుసు, అలాంటి అబద్ధాలూ టైపు కొట్టాడు. వీళ్ళు కూడబలుక్కోలేదు అన్నంతవరకే ఆయన చెవి పూచీ పడింది. మిగతాది తనే నమ్మాలి. నమ్మబుద్ధయింది.

ఆదివారం లేచి నిలబడ్డాడు. "ఆమె పోయినప్పుడు నేను లేను. ఆయన లేచినప్పుడూ లేను. ఉన్నవాళ్ళు చెప్పింది విన్నాను, నమ్ముతున్నాను. ఆమెని మళ్ళీ చూస్తాను" అని కూర్చున్నాడు.

"అంతేనా బావా?" అంది మరదలు బయటికొచ్చాక.

"చూడనివాణ్ణి. అంతకంటే చెబితే నన్నే బోనెక్కిస్తారు" అన్నాడు, చెప్పుల కోసం వెతుక్కుంటూ.