కాలు ముట్టని కుస్తీ

మా అన్న విదేశాలకు పోయి కుస్తీ పట్టవలసినవాడు. పోలేదు. అందులో యుద్ధం తప్పు కొంత. ఆ తర్వాత జరిగినదాంట్లో తప్పు నాది. యుద్ధాన్ని తిట్టడానికి చాలామంది ఉన్నారు కాబట్టి నా సంగతి రాస్తాను.

హైదరాబాదులో అన్న కుస్తీ చూసిన ఒక పెద్దమనిషి బొంబాయి నుంచి ఉత్తరం రాశాడు. విదేశీ పందేలకు మనుషులను ఏరుతున్నారు, వచ్చే ఏడు రమ్మన్నాడు. అయితే ఆ పద్ధతిలో నడుము కింద చెయ్యి వేయకూడదు, కాలు పట్టకూడదు. గద్వాల తాలీంఖానాలో మా ఇద్దరికీ కుస్తీ నేర్పిన ఉస్తాద్ ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు.

"కాళ్లు ముట్టొద్దంటే, గా దేశంల కాళ్లెందుకు పెంచుకున్రు?" అన్నాడు.

"నిలబడెటందుకు, ఉస్తాద్," అన్నాను.

అన్న నవ్వలేదు. ఆయన పేరు నిలిచిందే కాలి పట్టు మీద. వంగాడంటే ఎదుటివాడి పిక్క దొరికినట్టే. ఆ అలవాటు మాన్పించడానికి ఉస్తాద్ దీపపు మసిని ఆముదంలో కలిపి నా నడుము నుంచి పాదాల దాకా పూయించాడు. అన్న చెయ్యి కిందికి జారితే అరచెయ్యి నల్లబడుతుంది. అప్పుడు నేను "మసి" అనాలి, ఆయన వదిలేయాలి. ఏడాది పాటు రోజూ పొద్దున నేను పైన మనిషిని, కింద ఎలుగుబంటిని. మా అమ్మ నన్ను సగం వరకే ఇంట్లోకి రానిచ్చేది. చివరికి నేను నోరు తెరిస్తే చాలు, అన్న ముట్టకముందే ఆగేవాడు.

ఇంతలో యుద్ధం వచ్చింది. పందేలు లేవని బొంబాయి నుంచి రెండు వాక్యాల ఉత్తరం.

ఇక మిగిలింది వనపర్తి దసరా కుస్తీ. గెలిచినవాణ్ణి సంస్థానం పహిల్వానుగా పెట్టుకుంటారు; పాలు, బాదం, నెయ్యి వాళ్లవే. ఓడితే అన్నకు మా మెట్టచేను, నాగలి.

"మల్ల కాలు పట్టు బేటా," అన్నాడు ఉస్తాద్. నా కాళ్లు కడిగించి రెండు నెలలు పట్టించాడు. అన్న కొన్నిసార్లు పట్టేవాడు. కొన్నిసార్లు నా మోకాలి దగ్గర ఆగి తన అరచెయ్యి చూసుకునేవాడు.

వనపర్తిలో అన్నకు జోడీ ఒక నాగర్‌కర్నూలు మనిషి. ఇద్దరూ చాలాసేపు మెడలు పట్టుకుని నెట్టుకున్నారు. జనం ఊపిరి బిగబట్టారు. అలాంటి చోట నా నోరు ఊరుకోదు. ఆ మనిషి కుడికాలు ముందుకు పడింది. అన్న వంగాడు.

"మసి," అన్నాను.

పక్కవాళ్లను నవ్విద్దామని అన్నానో, అలవాటుగా వచ్చిందో తెలియదు. గొంతు పెంచలేదు, అంత నిశ్శబ్దంలో అక్కర్లేదు. అన్న చేతులు పిక్కకు జానెడు దూరంలో ఆగాయి. మరుక్షణం ఆయన వీపు మట్టిలో ఉంది. పక్కవాళ్లెవరూ నవ్వలేదు.

తిరుగుదారిలో బండిలో నేనే మొదలుపెట్టాను. "అన్నా, నేను..."

"నువ్వు అనకున్నా ఆగెటోన్నే. ఊకో."

అది నిజమో, నా మీద జాలో అడగలేదు. ఇప్పుడు ఆయన నాగలి కడతాడు. నేను వెనక నడుస్తాను.

నిన్న ఎద్దు కాలికి ముల్లు గుచ్చుకుంది. తీయడానికి అన్న వంగాడు. చెయ్యి గిట్ట దాకా పోయి ఆగింది. నేను పళ్లు బిగించి నిలబడ్డాను. ఆయన తలెత్తి చూశాడు.

"ఏందిరా, అనవా?" అన్నాడు.

ముల్లు నేనే తీశాను.