మిరపకాయలు పోయినా ఆరని మంట

సహోదరులారా, సహోదరీలారా, మైకు పట్టుకున్న ఈ చేతులతో ఒకప్పుడు నా కన్నబిడ్డను ఎత్తుకోవడానికి భయపడ్డానంటే నమ్ముతారా! నేను దాచేపల్లి దగ్గర ఒక పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తలో, మిరప కోతలప్పుడు కల్లాలన్నీ ఎర్రగా ఉండేవి, ఆడవాళ్ళమంతా పట్టాల మీద చేరి తొడిమలు తీస్తూ, తుమ్ముతూ, ఒకరినొకరు ఆటపట్టిస్తూ, ప్రార్థన కూటాల్లో నేర్చుకున్న పాటలు పాడుకునేవాళ్ళం, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. బిడ్డకు పాలిచ్చే ముందు చేతులు కడుక్కుని, వేలు పెదవికి ఆనించి, మండకపోతేనే ఎత్తుకోవడం మా అలవాటు.

ఒకనాడు పక్కింటావిడ తొందరలో చేతులు కడుక్కోకుండా తన కొడుకు మొహం తుడిస్తే, వాడు కళ్ళు మండి గుక్కపట్టి ఏడ్చాడు. కాసేపటికి వాడు ఊరుకున్నాడు గానీ నా భయం ఊరుకోలేదు. నా పాప కళ్ళు పోతాయేమోనని కడిగిన చేతులే కడిగేదాన్ని, పెదవికి ఆనిస్తే మంట, మళ్ళీ సబ్బు, మళ్ళీ మంట! అది వట్టి భయమని మనసుకు తెలుసు, అయినా కడగకపోతే ఊపిరాడేది కాదు. పాప ఉయ్యాల్లోంచి చేతులు చాచి ఏడుస్తుంటే నేను దూరంగా నిలబడి ఏడ్చేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు, మిరపకాయల్లో పనిచేసేది చేతులు కడగక ఏం చేస్తుంది?

వానలు పడ్డాక మా అత్తమ్మ గమనించింది. "ఏమే, కాయలన్నీ మిర్చి యార్డుకి పోయి ఎన్నాళ్ళయింది! ఇంకా ఏం కడుగుతున్నావే?" అంది. కొందరు దెయ్యమన్నారు, కొందరు వేషాలన్నారు. ప్రార్థనలో కూడా ఏదో ఒక మాట వదిలేశానేమోనని అనుమానం, మళ్ళీ మొదటినుంచి! చివరికి నాకు ఒక్క మాటే మిగిలింది: "ప్రభువా, నా బిడ్డను నా చేతికియ్యి తండ్రీ!"

ఆయన విన్నాడు! మా పాస్టరమ్మగారు నా చేతులు పట్టుకుని, పగుళ్ళు చూసి, "ఇది దెయ్యం కాదు తల్లీ, జబ్బు. ప్రార్థన మానొద్దు, డాక్టరు దగ్గరికీ పోదాం" అని గుంటూరు బ్రాడీపేటకు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మగారు, "ఈ మంట మిరపకాయది కాదమ్మా, సబ్బుది. కడిగి కడిగి చర్మం పగిలింది" అన్నారు. అయ్యో తండ్రీ! దీన్ని ఓసీడీ అంటారని, మందులున్నాయని, భయానికి కొంచెం కొంచెంగా ఎదురునిలవడం నేర్పుతామని చెప్పారు.

ఒక్కరోజులో పోలేదు, అబద్ధం చెప్పను. మందులు వేసుకుంటూ, కడగాలనిపించినా కడగకుండా కూర్చోవడం నేర్చుకుంటూ నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, వేలు పెదవికి ఆనించకుండానే పాపను ఎత్తుకున్నాను. నీళ్ళ తొట్టి వైపు చూడకుండా పాపనే చూస్తూ కూర్చున్నాను, అత్తమ్మ పక్కన కూర్చుని స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉంది. పాప నా వేలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ నిద్రపోయింది! దేవునికే మహిమ!

ప్రియులారా, మీ ఇంట్లో కడిగిందే కడిగేవాళ్ళు, వేసిన గడియే మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళు ఉంటే చాదస్తమని నవ్వకండి, వాళ్ళు లోపల నలిగిపోతుంటారు. ప్రభువును నమ్మండి, ఆయన చూపించిన వైద్యులనూ నమ్మండి. ఆ పాపే, అదిగో, రెండో వరుసలో కూర్చుని సిగ్గుపడుతోంది. మొన్న కల్లంలో ఆడుకుని వచ్చి, "అమ్మా, కళ్ళు మండుతున్నాయే!" అని ఏడ్చింది. ఈ చేతులతోనే నీళ్ళు తీసుకుని దాని కళ్ళు కడిగాను.