గ్విలియం గారి దయవల్ల

బెరిల్ ప్రాసర్‌కి మర్యాద ఎక్కువ. మా హోల్ట్‌బ్రూక్ ఊళ్లో అందరికీ ఎంతో కొంత ఉంటుంది గానీ, ఆవిడది మరీ చాదస్తం. ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమాపణ చెప్పేది. సందులో గొర్రెలకి దారిచ్చి, అడ్డొచ్చినందుకు వాటికి సారీ చెప్పగా విన్నవాళ్లున్నారు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిడ పని, సెలవులకి వచ్చేవాళ్లకి అద్దెకిచ్చే మిల్ కాటేజీని చూసుకోవడం. శుక్రవారం దిగే అతిథులకి దుప్పట్లు మార్చి, పొయ్యిలో కట్టెలు పేర్చి, బల్లమీద చిన్న కేకు పెట్టడం. జీతం దానికే. బతికింది మాత్రం శనివారం నడకల కోసం. అతిథుల్నీ, ఊళ్లో వచ్చేవాళ్లనీ వెంటేసుకుని కాటేజీ వెనకనుంచి గ్విలియం అడవిలోకి తీసుకెళ్లేది. జనవరిలో మంచులోంచి తలెత్తే తెల్లపూలు, ఏప్రిల్ ఆఖరున నేల కనబడకుండా నీలి బ్లూబెల్ పూలు, అక్టోబరులో పుట్టగొడుగులు. అక్కడ అంతకుముందు దారే లేదు. ఆవిడ నడిస్తేనే పడింది. తర్వాత ఊరంతా ఆ దారే పట్టింది. మొగుడు పోయిన ఏడు కూడా ఒక్క శనివారం మానలేదు. ఆ అడవే లేకపోతే తనకి పిచ్చెక్కి ఉండేదని చెప్పేది.

అడవి టెడ్ గ్విలియంది. ముసలాయన ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. అయినా ఒకరి నేలమీద ఊరికే ఎలా నడుస్తామని బెరిల్‌కి మనసొప్పలేదు. మొదటి ఏడాదే ప్లం జామ్ సీసా పట్టుకెళ్లి అడిగింది. ఆయన నవ్వి, "వద్దన్నదెవరమ్మా, నడవండి," అన్నాడు.

అంతటితో ఊరుకుందా? ఓ చెక్కకి ఆకుపచ్చ రంగు పూసి, తెల్ల అక్షరాలతో "గ్విలియం గారి దయవల్ల ఈ దారిన నడవవచ్చు" అని రాసి గేటుకి తగిలించింది. టెడ్ చూసి తల గోక్కున్నాడు. ఏటా వసంతం రాగానే ఆ అక్షరాలకి మళ్లీ రంగు వేసేది.

నిరుడు టెడ్ పోయాడు. పిల్లల్లేరు. అడవిని హార్గ్రీవ్ అనే పట్నం ఆయన కొన్నాడు. నెల తిరక్కుండా గేటుకి తాళం పడింది.

ఊరు భగ్గుమంది. ఇన్నేళ్లూ మాకు ఉత్తరాలు పంచిన మర్విన్, బెరిల్‌తో బళ్లో చదువుకున్నవాడు, చట్టం తవ్వి తీశాడు. ఒక దారిన జనం ఇరవై ఏళ్లు నడిస్తే అది జనం దారేనట, యజమాని కూడా మూయలేడట. అర్జీ పెట్టారు, విచారణకి తేదీ పడింది. ఇక సాక్ష్యం కావాలి.

"కాటేజీలో అతిథులు వచ్చినప్పుడల్లా రాసిపోయిన పుస్తకాలున్నాయి కదే, అన్నీ పట్రా. వాడి నోరు మూయిద్దాం," అన్నాడు మర్విన్.

పదకొండు పుస్తకాలు. తోపుడుబండిలో పెట్టి, వానకి తడవకుండా తన కోటు కప్పి, తను తడుస్తూ తెచ్చింది బెరిల్. ఊరి హాలు నిండిపోయింది. విచారించడానికొచ్చిన అధికారిణి సన్నగా, నెమ్మదిగా ఉంది. ఏ ఏడు ఎవరొచ్చారో, ఏ పూలు చూసి ఏం రాశారో బెరిల్ కళ్లు మెరుస్తూ చెప్పుకుపోయింది. బతుకులో ఆవిడ మాట అంతమంది విన్న రోజు అదొక్కటే. అతిథులు అంటించిన ఓ ఫొటో దగ్గర అధికారిణి వేలు ఆగింది. పేజీ తిప్పింది. మళ్లీ ఆగింది. అందరూ గేటుకున్న ఆ చెక్క బోర్డు పక్కనే ఫొటో దిగారు మరి.

"ఈ బోర్డు ఎవరు పెట్టారండీ?"

"నేనేనండీ," అంది బెరిల్ సంబరంగా.

"గ్విలియం గారిని అడిగే నడిచారా?"

"అయ్యో, అడక్కుండా ఎలా నడుస్తామండీ?"

మర్విన్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. హార్గ్రీవ్ తరఫు లాయరు లేవనైనా లేవలేదు.

అధికారిణి మెల్లిగానే వివరించింది. అడక్కుండా, దాక్కోకుండా, దర్జాగా నడిచినవాళ్లకే హక్కు వస్తుంది. అనుమతితో నడిస్తే అది యజమాని దయ. దయ ఆయనతోనే పోతుంది. బోర్డు గేటుకే ఉంది కాబట్టి ఊరంతా దయమీద నడిచినట్టే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇదెక్కడి చట్టమో, అడిగిన పాపానికి ఊరందరి నోట్లో మట్టి కొట్టింది.

దారి ఊరిది కాదని మార్చిలో తీర్పు కాగితం వచ్చింది. బెరిల్‌ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆవిడ కొట్లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. మర్విన్ ఒక్కడే బస్సు దగ్గర అన్నాడు.

"అడక్కుండా జొరబడినా బాగుపడేవాళ్లం కదే, బెరిల్."

తప్పు నాదేనంది బెరిల్. నిజంగానే తప్పు తనదనుకుంది. రాత్రిళ్లు కాదు, పట్టపగలు దుప్పట్లు మడతపెడుతూ ఏడ్చేది.

ఏప్రిల్ ఆఖరున అతిథులు పూల దారెటని అడిగితే తారు రోడ్డు చూపించింది. వాళ్లు వెళ్లాక ఒక్కతే గేటు దగ్గరికొచ్చింది. కడ్డీల అవతల నేలంతా నీలం. ఎవరూ లేరు. గేటు నడుమెత్తు కూడా లేదు, డెబ్బై ఏళ్లావిడైనా దాటొచ్చు. కాలు మాత్రం లేవలేదు.

అంతలో హార్గ్రీవ్ కుక్కతో వచ్చాడు. చెడ్డవాడేం కాదు.

"మిసెస్ ప్రాసర్, మీరొక్కరూ ఎప్పుడు కావాలన్నా రండి. ముందు నన్నో మాట అడగండి, చాలు."

ఛీ కొడదామని నోరు తెరిచింది.

"థాంక్యూ అండీ. మీ దయ," అంది నోరు.

ఆయన టోపీ ఎత్తి వెళ్లిపోయాడు. తన మాట తనకి వినబడ్డాక బెరిల్ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మూడు వారాలకి పూలు వాడిపోయాయి. ఆవిడ ఆయన్ని అడగలేదు. అడక్కుండా వెళ్లడం ఆవిడకి చేతకాదు.